ఐదుగురిలో కొనేది ఒక్కడే

పుస్తకం రాయడం ఒక ఎత్తు, అచ్చొత్తించడం ఒక ఎత్తు, అమ్ముకోవడం ఈ రెండింటినీ మించిన ఎత్తు. ఈ మాట మన ప్రచురణకర్తలకు వేరే చెప్పనక్కరలేదు. కాని ఐదుగురు కలిసి అనుభవించే పుస్తకాన్ని ఒక్కడే కొంటే, తక్కిన నలుగురూ దాన్ని తెరిచి చూడనైనా కూడదంటే, ఆ ప్రచురణకర్త గతేమిటి? అటువంటి వింత వ్యాపారం ఒకటి అమెరికాలో యాభై ఏళ్ళ పైబడి నడుస్తున్నది.

ఈ గొడవ నాకు మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది. వాడూ, వాడి స్నేహితులు నలుగురూ శనివారం రాత్రి బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారట. చదరంగంలా గళ్ళు లేవు, పేకాటలా డబ్బు లేదు. ఒకడు సూత్రధారి. “మీ ఎదుట పాడుబడ్డ కోట ఉంది, లోపల్నించి పొగ వస్తోంది, ఏం చేస్తారు?” అంటాడు. తక్కినవాళ్ళు వీరుడనీ, మాంత్రికుడనీ, దొంగ అనీ తలా ఒక వేషం కట్టి జవాబు చెబుతారు. మాటలతో తేలకపోతే పాచిక వేస్తారు. ఆ కోటలో గదులెన్ని, పొగ ఎక్కడిది, గోడ చాటున ఎవరున్నారు అన్నది ముందే రాసి ఉంచిన పుస్తకం పేరు అడ్వెంచర్. ఒక దేశాన్నీ, దాని రాజులనీ, దేవతలనీ, కొత్త మంత్రాలనీ ఆయుధాలనీ వివరించేది సోర్సుబుక్కు.

“మరి మీరంతా తలా ఒక ప్రతి కొంటారా?” అని అడిగాను. “నేనొక్కణ్ణే కొంటాను మామయ్యా. వాళ్ళు చదివితే ఆట ఏముంది?” అన్నాడు. అదుగో, అక్కడే ఉంది కిటుకంతా! మన హరికథ చూడండి. వేయిమంది వింటారు, కథ రాసిన పుస్తకంతో పని దాసుగారొక్కరికే. పైగా దాసుగారు ఆ కథనే నూరు ఊళ్ళలో చెబుతారు. మావాడు ఒకసారి ఆడించిన అడ్వెంచర్‌ని మళ్ళీ ఆ నలుగురి ముందే ఆడించలేడు గదా!

ఈ ఆటల్లో మొదట అచ్చయినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రాశారు. విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో టి.ఎస్.ఆర్. అనే సంస్థ మూడు చిన్న పుస్తకాలు పెట్టెలో పెట్టి, 1000 ప్రతులు వేసింది. అందులో నియమాలే ఉన్నాయి. కథలు ఎవరికి వారు కల్పించుకుంటారు, అచ్చువేస్తే కొనేదెవరని వాళ్ళ లెక్క. ఆ లెక్క తప్పని 1976లో జడ్జెస్ గిల్డ్ అనే మరో చిన్న సంస్థ చూపించింది. ఒక పట్టణాన్ని వీధి వీధినా, దుకాణం దుకాణాన్నీ పటం గీసి, వివరం రాసి, చందాదారులకు విడతలుగా పంపింది. చందా అన్న మాట గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

1978లో టి.ఎస్.ఆర్. కూడా దారికి వచ్చింది. రాక్షసుల మీదికి దండెత్తే కథను మూడు పుస్తకాలుగా వేసింది. మొదటిది ఎనిమిదే పేజీలు! అట్టను పుస్తకానికి కుట్టలేదు, విడిగా వదిలేశారు. లోపలివైపు పటం అచ్చువేశారు. సూత్రధారి ఆ అట్టను ఎదుట తెరలా నిలబెట్టుకుంటే చాలు, పటం ఆయనకు కనబడుతుంది, ఎదుటివాళ్ళకు కనబడదు. ఆ పుస్తకాన్ని తయారుచేసినవాడికి అది ఎవరి చేతిలో ఉంటుందో తెలుసు. నాకు నచ్చినది అదే.

అయితే ఒక్కడు కొంటే ఎంత వస్తుంది? తక్కిన నలుగురి చేతా కొనిపించడం ఎలా? ఆ తరువాతి చరిత్రంతా ఈ నలుగురి కోసం వెతుకులాటే.

ఒక ఉపాయం సోర్సుబుక్కు. సినిమా స్క్రిప్టు ఎవరూ కొనరు గాని, హాలు బయట పాటల పుస్తకం అందరూ కొనేవారు. ఇదీ అంతే. కొత్త మంత్రాలు, కొత్త ఆయుధాలు ఉంటే వేషం కట్టినవాడూ కొంటాడు. ఉపాయం మంచిదే గాని, టి.ఎస్.ఆర్. దాన్ని అతి చేసింది. 1987లో ఒక లోకం, 1990లో ఒకటి, 1991లో ఒకటి, 1994లో ఇంకొకటి. ఒక్కొక్క లోకానికి వేరే పెట్టెలు, వేరే పటాలు. ఎడారి లోకం కొన్నవాడికి పిశాచాల లోకంతో పనిలేదు. పాఠకులు పెరగలేదు, చీలిపోయారు. దుకాణాల నుంచి పుస్తకాలు కట్టలకు కట్టలు తిరిగివచ్చాయి. 1997లో అప్పుల్లో మునిగిన ఆ సంస్థను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది.

కొత్త యజమాని మరో ఎత్తు వేశాడు. 2000లో, “నియమాల పుస్తకం మేము వేస్తాం, అడ్వెంచర్లు మీలో ఎవరైనా వేసుకోండి” అని అనుమతి పత్రం ప్రకటించాడు. ఎవరు ఏ అడ్వెంచర్ వేసినా, ఆడేవాడు నియమాల పుస్తకం కొనక తప్పదు గదా! లాభం లేని సరుకు పొరుగువాడిది, లాభమున్న సరుకు తనది. గడుసుతనమంటే ఇదీ. చిన్న ప్రచురణకర్తలు పోటీపడి వచ్చారు. కొన్నాళ్ళకు దుకాణాలు నిండి, కొనేవాళ్ళు తగ్గి, చాలామంది మూసుకున్నారు. 2023 జనవరిలో ఆ అనుమతిని మార్చబోతున్నారని తెలిసినప్పుడు, దాన్ని నమ్ముకుని బతుకుతున్నవాళ్ళంతా గగ్గోలు పెట్టారు. చివరికి యజమాని వెనక్కు తగ్గవలసి వచ్చింది.

నన్నడిగితే అందరికంటె తెలివైనవారు పైజో అనే సంస్థవారు. వాళ్ళు విజార్డ్స్‌వారి పత్రికలు రెండింటిని అనుమతి మీద నడుపుతూ వచ్చారు. 2007లో ఆ అనుమతి పోయింది. వీధిన పడవలసినవాళ్ళు ఏం చేశారనుకున్నారు? ఆ ఆగస్టులోనే పాత్‌ఫైండర్ పేరున నెలకొక పుస్తకం మొదలుపెట్టారు. 96 పేజీలు, ఆరు నెలలకు ఒక కథ పూర్తి. అందులో అడ్వెంచరే కాదు, దేశం వర్ణన, రాక్షసుల బొమ్మలు, పైగా ఒక సీరియల్ కథ! చందాదారుల్లో ఆడించడానికి తీరికలేక, ఊరికే చదువుకునేవాళ్ళు కూడా చేరారు. “తరువాయి వచ్చేవారం” అన్న మాటలో ఎంత బలముందో ఈ పత్రిక చదివే మీకు నేను చెప్పాలా?

కాని ఆరు భాగాలు చదవడం వేరు, ఆడడం వేరు. వారానికి ఒక రాత్రి కూర్చునేవాళ్ళకు అది ఏడాదికి పైబడిన పని. మధ్యలో ఒకడికి పెళ్ళవుతుంది, ఒకడికి బదిలీ అవుతుంది. 2021లో పైజోవారు మూడు భాగాలతో ముగిసే కథలు వేయడానికి ఇదీ ఒక కారణమని నా ఊహ.

చదువుకునేవాడు దొరికినప్పటి నుంచి పుస్తకం లావెక్కింది. 1983లో ర్యావెన్‌లాఫ్ట్ అనే అడ్వెంచర్ 32 పేజీలు. అదే కోట, అదే రక్తపిశాచి, 2016లో కర్స్ ఆఫ్ స్ట్రాడ్ పేరున 256 పేజీల గట్టి అట్ట పుస్తకమైంది. బొమ్మలు కన్నులపండువు. కాదనను. పడక కుర్చీలో ఎంతో హాయిగా చదువుకోవచ్చు. కాని నలుగురు ఎదురుగా కూర్చుని “తలుపు తీశాం, లోపల ఏముంది?” అని అడుగుతుంటే, మావాడు పేజీలు తిరగేస్తూ చెమటలు పట్టడం నేను చూశాను. ఆ నలుగురి కోసం వెతుకుతూ వెతుకుతూ, మొదట కొన్న ఆ ఒక్కణ్ణీ మరిచిపోయారేమోననిపించింది.

మరిచిపోనివాళ్ళూ లేకపోలేదు. 2018లో మదర్‌షిప్ అని ఒక ఆట వచ్చింది. ఆకాశ నౌకల్లో భయానక కథలు. దానికి వేసే అడ్వెంచర్లలో కొన్ని ఒకే ఒక్క కాగితం. రెండువైపులా అచ్చు, మూడు మడతలు. పటం ఒక మడత మీద, మనుషులు ఒక మడత మీద, రాబోయే ప్రమాదం మరొక మడత మీద. మావాడు ఒకటి తెప్పించాడు. భోజనాల వేళకు కవరు చించాడు, పది గంటలకు ఆట మొదలుపెట్టాడు.