రాజనగరిని విడిచిన చేబంతి



హ్యాండ్‌బాల్ ఆటను స్పెయిను దేశీయులు ‘బలోన్‌మానో’ అంటారు. బలోన్ అనగా బంతి, మానో అనగా చేయి. కావున దీనిని ‘చేబంతి’ అని వ్రాయుటకు నాకు సంకోచము లేదు. పక్షమునకు ఏడుగురు, అరువది నిమిషముల ఆట. ఈ ఆటలో ఐరోపానంతటినీ జయించి, పిమ్మట నామరూపములు లేకుండా పోయిన ఒక సంఘము చరిత్రను గూర్చి నా అభిప్రాయమును మీ ముందుంచుచున్నాను.

ఆ సంఘము పుట్టిన ఊరు సియుదాద్ రియాల్. డాన్ కిహోటే సంచరించిన లా మాంచా సీమలోనిది. 1255లో పదియవ ఆల్ఫోన్సో రాజు స్థాపించిన ఈ పట్టణము పేరునకు ‘రాజనగరి’ అని అర్థము. పేరు రాజసమే గాని జనసంఖ్య లక్షకు లోపే. అట్టి ఊరిలో 1981లో ఒక చేబంతి సంఘము వెలసినది.

ఊరివారి సంఘమునకు కాలక్రమమున ఒక ప్రభువు దొరికినాడు. ఆయన దొమింగో దియాస్ దె మేరా అనే నిర్మాణ వ్యాపారి. అవి స్పెయినులో ఇండ్ల నిర్మాణము వెల్లువెత్తిన రోజులు. కిర్గిజ్ దేశమున జన్మించిన తలాంత్ దుయ్‌షెబాయెవ్ మొదట ఆటగాడుగా వచ్చి, పిదప శిక్షకుడైనాడు. ఐస్‌లాండు నుండి ఒలాఫుర్ స్టెఫాన్సన్, ఫ్రాన్సు నుండి దిదియె దినార్ వచ్చి చేరినారు. ఫలితము అందరూ ఎరిగినదే. 2004లో ఒకమారు, 2007 మొదలు 2010 వరకు వరుసగా నాలుగుమారులు స్పెయిను లీగు విజేతలు. 2006, 2008, 2009 సంవత్సరములలో ఐరోపా చాంపియన్స్ లీగు విజేతలు. 2009 తుదిపోరు మొదటి ఆటలో జర్మనీ జట్టు కీల్ చేతిలో 34-39 తేడాతో ఓడి, సొంత ఊరిలో 33-27తో గెలిచి, మొత్తము మీద ఒక్క గోలు ఆధిక్యముతో కప్పును నిలుపుకొన్నారు. సుమారు ఐదువేలమంది పట్టే కిహోటే అరేనా ఆనాడు ఎట్లు మారుమ్రోగి ఉండునో ఊహించుకొనవచ్చును.

అయితే ఆ 2009 మార్చిలోనే ఆ ప్రాంతపు పొదుపు బ్యాంకును దేశపు కేంద్ర బ్యాంకు తన అధీనములోనికి తీసుకొనవలసి వచ్చినది. ఇండ్ల వ్యాపారము కూలినది. 2011లో సంఘమును మాడ్రిడ్ నగరమునకు తరలించి, అట్లెటికో మాడ్రిడ్ పేరు తగిలించినారు. అట్లెటికోకు పూర్వము గొప్ప చేబంతి జట్టు ఉండెడిది. 1990ల తొలినాళ్లలో అది మూతపడినది. ఆ పేరు, ఆ ఎరుపు తెలుపు చారల అంగీ తమను కాపాడునని తలచినారు. 2012, 2013లలో రాజు కప్పును గెలిచినారు. 2012లో ఐరోపా తుదిపోరు వరకు వెళ్లి కీల్ చేతిలో 21-26తో ఓడినారు. 2013 జూలైలో అప్పులు మోయలేక సంఘము మూతపడినది. ఇందలి వైచిత్రి ఏమనగా, అదే 2013 జనవరిలో స్పెయిను జట్టు బార్సెలోనాలో డెన్మార్కును 35-19తో చిత్తుచేసి ప్రపంచ విజేత అయినది!

“ఆ ధనికుడే లేకున్న ఆ ఊరికి ఆ కప్పులెక్కడివి?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పోషకుని నిందించుట నా ఉద్దేశము కాదు. రాజపోషణ లేనిదే ఎన్నో కళలు వికసింపవని మనకు తెలియనిది కాదు. కాని పోషణ వేరు, ఆధారము వేరు. నీరు పోసినవాడు తోటకు మేలు చేసినవాడే. చెట్టును పెకలించి మరొక చోట నాటుటకు ఆ మేలు హక్కునీయదు. ఆ సంఘమునకు రెండు ఆధారములుండెడివి: ఒకటి ధనము, రెండవది ఊరు. మొదటిది చలించినప్పుడు రెండవదానిని వదలుకొన్నారు. ఊరిలోనే ఉండి, ఖరీదైన ఆటగాండ్రను వదలుకొని, చిన్న జట్టుగా బ్రతికియుండవచ్చును. కప్పులు రాకపోవును గాని పేరు నిలిచెడిది. ‘అరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత నగలకే కాదు, పేరునకు కూడ వర్తించును.

దుయ్‌షెబాయెవ్ పోలెండులోని కీల్త్సె జట్టుకు శిక్షకుడై, 2016లో ఆ ఊరికి ఐరోపా కప్పు తెచ్చిపెట్టినాడు. విద్య ఉన్నవానికి ఎక్కడైనను ఆశ్రయము దొరకును. ప్రతి వారాంతము అరేనాకు వచ్చి కూర్చున్న ఊరివారికి మాత్రము అట్టి అవకాశము లేదు. వారు మరొక ఊరు వెదకుకొనలేరు గదా!

అయినను వారు ఊరకుండలేదు. సంఘము తొలినాటి పేరులోని ‘కసెరియో’ అన్న మాటనే తీసుకొని, కొత్త సంఘమొకటి అదే కిహోటే అరేనాలో క్రింది శ్రేణి నుండి ఆట మొదలుపెట్టినది. ఐరోపా కప్పులకన్న ఈ పునరారంభమే నాకు గొప్పగా తోచుచున్నది.

మీ అభిప్రాయములను వ్యాఖ్యలలో తెలుపగలరు.