మొత్తం లెక్క సరే, మా స్టేషన్ లెక్క ఏది?



పోయిన ఆదివారం సంఘం మీటింగు అయినాక టీ తాగుతా ఉంటే ఒక పెద్దాయన క్రిల్ ఆయిల్ మాత్రల సీసా చూపించినారు. అమెరికాలో ఉండే కొడుకు పంపినాడంట. నేను క్రిల్ గురించి చదివింది చెప్పబోతే, "సముద్రంలో కోట్ల టన్నులుందని సర్వే చేసి చెప్పినారు సారు, మనకెందుకు?" అని నా నోరు మూయించినారు. అప్పుడు జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్తాను. నేను బడిలో చదివింది తమిళం, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించి విషయం చూడండి.

క్రిల్ అంటే చిన్న రొయ్య లాంటి ప్రాణి. పొడుగు సుమారు రెండంగుళాలు. అంటార్కిటికా సముద్రంలో తిమింగలం, పెంగ్విన్, సీల్ అన్నీ దాని మీదే బతుకుతాయి. మనుషులు దాన్ని పట్టి చేపల పెంపకానికి మేతగా, మాత్రలకు నూనెగా చేస్తారు. ఈ వేటకు హద్దులు పెట్టేది 1982 నుంచి అమలులో ఉన్న ఒక అంతర్జాతీయ ఒప్పందం. దాని కమిషన్ ఆఫీసు ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో ఉంది.

పెద్దాయన చెప్పిన సర్వే అబద్ధం కాదు. ఓడ కింద నుంచి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో క్రిల్ గుంపును లెక్కగడతారు. వల వేసి కొన్నిటిని పట్టి పొడుగు కొలుస్తారు. 2000లో జపాన్, రష్యా, బ్రిటన్, అమెరికా ఓడలు ఇలా కొలిస్తే అట్లాంటిక్ వైపు భాగంలో సుమారు 6 కోట్ల 3 లక్షల టన్నులని తేలింది. మళ్ళీ అంత పెద్ద సర్వే 2019లో నార్వే ముందుండి చేయించింది. అప్పుడు సుమారు 6 కోట్ల 26 లక్షల టన్నులు. అక్కడ పట్టడానికి ఇప్పుడున్న హద్దు ఏడాదికి 6 లక్షల 20 వేల టన్నులు. అంటే నూటికి ఒకటి. "ఒక శాతానికి ఇంత గోలా?" అంటారు వేట కంపెనీలవాళ్ళు.

ఇక్కడే నా గుమాస్తా బుద్ధి అడ్డం తిరుగుతుంది. గూడ్సు ఆఫీసులో నేను చూసినది చెప్తాను. ఒక కోతల కాలంలో మొత్తం లెక్కలో వ్యాగన్లు మిగులు చూపించినారు. మా యార్డులో మాత్రం ఒక్క వ్యాగన్ లేదు, వడ్ల మూటలు వానకు తడిసినాయి. కాగితం మీది మిగులు ఆ రైతుకు ఏం చేసింది?

పెంగ్విన్ కథ కూడా అంతే. గూటిలో పిల్ల ఉన్నప్పుడు తల్లీ తండ్రీ దగ్గర నీళ్ళలోనే మేత తేవాలి. వెయ్యి మైళ్ళ అవతల కోటి టన్నులుంటే వాటికేం లాభం? వేట ఓడలు కూడా ఆ దగ్గర నీళ్ళకే వస్తాయి, క్రిల్ దట్టంగా దొరికేది అక్కడే గనక. పైగా పెద్ద సర్వేలు జరిగింది వేసవిలో. అంటార్కిటికా ద్వీపకల్పం దగ్గర వేట ముమ్మరంగా సాగేది శరత్తులో. ఓడ అడుగుకు పైన ఉన్న క్రిల్, మంచు కింద దాక్కున్న క్రిల్ ఆ శబ్దానికి అందవు. రెండు పెద్ద సర్వేల మధ్య 19 ఏళ్ళు. ఏ స్టేషన్‌లోనైనా 19 ఏళ్ళకొకసారి స్టాకు సరిచూస్తే ఊరుకుంటారా?

ఇంకో మాట. 6 లక్షల 20 వేలు అనే అంకె ఆ సర్వేల నుంచి వచ్చింది కాదు. ఒక్కొక్క ప్రాంతంలో పూర్వం ఎక్కువగా పట్టిన టన్నులు కూడి పెట్టుకున్న అంకె. పాత రిజిస్టరులోది. దాన్ని స్థలవారీగా పంచే నియమం ఒకటి ఉండేది. ద్వీపకల్పం దగ్గర 1 లక్ష 55 వేల టన్నులకు మించకూడదని. 2024 చివర హోబార్ట్ సమావేశంలో ఏకాభిప్రాయం కుదరక ఆ నియమం కాలం తీరిపోయింది. ఏమైంది? 2025 ఆగస్టులో మొత్తం హద్దు మొదటిసారిగా నిండిపోయి, సీజను ముగియకముందే వేట మూసేయాల్సి వచ్చింది.

క్రిల్ నాశనమైపోయిందని నేను చెప్పడం లేదు. 2019 లెక్క అలా చూపించలేదు. నేను అనేది ఒకటే. మొత్తం లెక్క చూపించి ఒక్కచోట ఊడ్చేయడానికి అనుమతి అడగకూడదు. వేట జరిగే చోట, వేట జరిగే నెలల్లో, ఏటేటా కొలవాలి. ఖర్చు పట్టేవాళ్ళు పెట్టుకోవచ్చు, వాళ్ళ ఓడలూ వాడుకోవచ్చు. కానీ లెక్క తేల్చేది వాళ్ళు కాకూడదు. కౌంటరులో డబ్బు తీసుకున్నవాడే ఆడిట్ చేస్తే మా టీ.ఐ.ఏ.లు దేనికి?

ఇక "మనకెందుకు" అన్నదానికి. ఆ కమిషన్‌లో భారతదేశం 1986 నుంచి సభ్యురాలు. అక్కడ నిర్ణయం అందరూ ఒప్పుకుంటేనే. స్థలవారీ పంపకం లేకుండా హద్దు పెంచుదామంటే, మన దేశం ఒక్కటి కాదన్నా అది ఆగిపోతుంది. తూర్పు అంటార్కిటికా, వెడ్డెల్ సముద్రాల్లో రక్షిత ప్రాంతాలు కావాలని 2021లో మన దేశం మద్దతు చెప్పింది. ఆ మాట మీద నిలబడాలి. అక్కడ క్రిల్ వేటాడే దేశాల్లో మనం లేము, కాబట్టి నిష్పక్షంగా మాట్లాడే హక్కు మనకే ఎక్కువ.

పెద్దాయనా, మీ మోకాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ సీసా మీద "లెక్క చూసే పట్టినాము" అని ఎవరైనా రాస్తే, "ఎక్కడి లెక్క? ఏ నెలది? ఎవరు తేల్చింది?" అని మాత్రం అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని లెక్కను నా సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోలేదు. మనమూ ఒప్పుకోవద్దు.