మరక పోయింది సరే, రుద్దిన చెయ్యి ఎవరిది?

కర్నూలు, కడప బజార్లలో ఇప్పుడు సబ్బులు, పీచుల పక్కన తెల్లటి స్పాంజి ముక్క ఒకటి దొరుకుతోంది. పేరు మ్యాజిక్ స్పాంజి. సబ్బు అక్కర్లేదు, యాసిడ్ అక్కర్లేదు, నీళ్లలో ముంచి రుద్దితే చాలంటారు. ఈ "రుద్దితే చాలు" అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. రుద్దేది ఎవరు? ఎంతసేపు? ఎవరి ఇంట్లో, ఏ కూలికి? మ్యాజిక్ అన్న పేరు పెట్టింది ఈ ప్రశ్నలు అడగకుండా చెయ్యడానికే అని నా అభిప్రాయం.

ముందు ఆ మాయ ఏమిటో చూద్దాం. మన ఇళ్లలో వాడే మెలమైన్ ప్లేట్లు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబందే. మెలమైన్, ఫార్మాల్డిహైడ్ కలిపి తయారుచేసిన గట్టి ప్లాస్టిక్‌ను నురగలా పొంగిస్తే ఈ స్పాంజి వస్తుంది. శబ్దాన్నీ వేడినీ ఆపడానికి గోడల్లోనూ యంత్రాల్లోనూ వాడే సరుకు ఇది. అమెరికాలో 2003లో ఒక పెద్ద సబ్బుల కంపెనీ దీన్ని ఇల్లు తుడిచే వస్తువుగా అమ్మడం మొదలుపెట్టింది. చేతికి మెత్తగా తగులుతుంది కానీ లోపల సన్నని గట్టి పోగుల వల ఉంటుంది. రుద్దినప్పుడు ఆ పోగులు అతి సన్నని గరుకు కాగితంలా పనిచేసి, మరకను గీకి తీస్తాయి. సబ్బు మురికిని నీళ్లలో కలుపుకుని పోతుంది. ఇది పైపొరను గీకేస్తుంది, పెన్సిల్ రబ్బరులాగా తానూ అరిగిపోతుంది. వడ్రంగి ఉప్పుకాగితంతో చేసే పనికీ దీనికీ తేడా సన్నదనంలోనే. వడ్రంగి చేస్తే దాన్ని పని అంటాం, కూలి ఇస్తాం. ఇంట్లో ఆడది చేస్తే మ్యాజిక్ అవుతుంది!

ఇందులో విషం ఉందనీ, చర్మాన్ని కాలుస్తుందనీ ఒక పుకారు తిరుగుతోంది. చర్మం మంట పెట్టేది రాపిడి వల్ల. పిల్లల మొహాన అంటిన రంగు తుడవడానికి దీన్ని వాడకూడదన్నది మాత్రం నిజం. రోజూ ఉట్టి చేతులతో గంటలకొద్దీ దీన్ని పట్టుకునే వాళ్లకు గ్లౌజులు కావాలన్నదీ నిజం.

ఇప్పుడు మన నేల సంగతి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు నాపరాళ్లూ, బేతంచెర్ల బండలూ (2022 నుంచి బేతంచెర్ల నంద్యాల జిల్లాలో ఉంది) సున్నపురాయి జాతివి. మన ఇళ్లలో గచ్చు అదే, వంటగట్టు అదే, బట్టలుతికే బండా అదే. ఆ రాళ్ల మధ్య ఊరిన బోరునీళ్లలో సున్నం ఉంటుంది. నీళ్లు కాగినప్పుడల్లా అది విడివడి కాగు అడుగున, గీజరు లోపల, కొళాయి మూతిన తెల్లటి పొరగా పేరుకుంటుంది. అంటే అడుగున పట్టిన పొరా, కాలి కింది బండా దాదాపు ఒకే పదార్థం. పులుపు తగిలితే రెండూ కరుగుతాయి. చింతపండుతో బోకులు తోమితే పొర పోవడానికి కారణం ఇదే. నునుపు పెట్టిన నల్లబండ మీద నిమ్మకాయ పిండితే తెల్లటి మచ్చ పడడానికీ కారణం ఇదే. ఆ మచ్చ పైన అంటుకున్నది కాదు, రాయే అక్కడ కరిగింది. ఏ స్పాంజీ దాన్ని తియ్యలేదు. గట్టిగా రుద్దితే చుట్టూ ఉన్న మెరుపు కూడా పోతుంది.

ఇంట్లో ఆ మచ్చకు పడే పేరు "నీకు శుభ్రం తెలీదు" అని. భూగర్భశాస్త్రం చేసిన పనికి కోడలు మాట పడుతుంది. పనికి వచ్చే మనిషైతే జీతంలో కోత పడుతుంది. సున్నపు నీళ్లలో సబ్బు త్వరగా నురగ రాదు, రెట్టింపు ఖర్చవుతుంది, తెట్టు కడుతుంది. ఆ సబ్బు లెక్క అడిగేదీ ఆమెనే. పసుపు మరకదీ ఇదే కథ. ప్లాస్టిక్ డబ్బాలోకి ఇంకిన పసుపును స్పాంజి తియ్యలేదు, ఎండలో పెడితే దానంతటదే వెలిసిపోతుంది. ఎండకు మన సీమలో కరువు లేదు కదా! స్పాంజి నిజంగా బాగా పనిచేసేది గోడ మీద పిల్లలు గీసిన గీతలకూ, స్విచ్చిబోర్డు చుట్టూ పడిన వేలిముద్రలకూ. అక్కడే నా అభ్యంతరం కూడా.

ఆ గోడను ఇదివరకు ఎవరూ రోజూ తుడిచేవారు కాదు. పండక్కి సున్నం వేసినప్పుడు మరకలన్నీ పోయేవి. స్పాంజి వచ్చాక గోడ కూడా బోకుల సరసన చేరింది. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే ఒక పుస్తకం నిండా ఈ సంగతి చూపించింది: శ్రమ తగ్గిస్తామని ఇంట్లోకి వచ్చిన ప్రతి యంత్రం శుభ్రత కొలతను పెంచి, ఆడవాళ్ల పనిని ఉన్నచోటే ఉంచింది. మన లెక్కలు వేరుగా లేవు. 2024 కేంద్ర ప్రభుత్వ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే కొద్దిమంది మగవాళ్లు గడిపేది 88 నిమిషాలు. 2019లో ఇవే అంకెలు 299, 97. మిక్సీలు, గ్యాసు, వాషింగ్ మెషీన్లు అన్నీ వచ్చిన ఈ రోజుల్లో, అయిదేళ్లలో ఆడవాళ్లకు మిగిలింది పది నిమిషాలు. మగవాళ్లూ తొమ్మిది నిమిషాలు మిగుల్చుకున్నారు.

అరిగిపోయిన స్పాంజి ఎక్కడికి పోయిందో అమ్మేవాళ్లు చెప్పరు. అది కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులుగా సింకు తూములోంచి కాలువలోకి పోతుంది. చైనా పరిశోధకులు 2024లో వేసిన అంచనా ప్రకారం, అమ్మకాల లెక్కన చూస్తే, ప్రపంచమంతటా నెలకు లక్షన్నర కోట్లకు పైగా అలాంటి పోగులు విడుదల కావచ్చు. పీచూ, బూడిదా వాడిన మన అమ్మమ్మలను మొరటువాళ్లన్న ప్రకటనలు ఈ మాట చెప్పవు. బూడిద వాడకాన్ని నేను పొగడడం లేదు. దానితో వేళ్లు ఒరుసుకుపోయేవి, ఆ వేళ్లూ ఆడవాళ్లవే.

స్పాంజి వద్దంటే యాసిడ్ సీసా ఉందిగా అంటారు. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది, ఆడవాళ్ల మొహాల మీద పోస్తున్నారని. అదే సరుకు బాత్రూం కడిగే మందుగా ఆమె చేతికే ఇస్తున్నాం. దాన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు. తలుపు వేసిన ఇరుకు బాత్రూంలో ఇది ప్రాణాంతకం. ఈ ఒక్క మాట ప్రతి సంఘ సమావేశంలోనూ చెప్పాల్సింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపనిని 2007లో కనీస వేతనాల జాబితాలో చేర్చారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసినప్పుడు భారత ప్రభుత్వం అనుకూలంగా ఓటు వేసింది గానీ దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చేదాకా కూచోనక్కర్లేదు. కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో ఇంటిపనివాళ్లతో కూర్చుని పని పట్టిక రాసేటప్పుడు "శుభ్రం చేయడం" అని ఒక్క ముక్కలో రాయకండి. బోకులు వేరు, గచ్చు వేరు, గోడలూ స్విచ్చిబోర్డులూ వేరు, ఒక్కోదానికి ఒక్కో రేటు. గ్లౌజులు యజమానే కొనివ్వాలి. బండ మీది పులుపు మచ్చకు జీతం కోత ఉండకూడదు. యాసిడ్ ముట్టనని చెప్పినందుకు పనిలోంచి తియ్యకూడదు. వీటిలో మొదటి అంశం మీదే బేరం ఎక్కువ సాగుతుంది, సిద్ధపడి వెళ్లండి.