నగర విహంగాలు

నగరం పెరిగితే పక్షులు తరలిపోతాయని చాలామంది భావిస్తారు. అది అర్ధసత్యం మాత్రమే. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైన నాటినుండి విశాఖపట్నం విస్తరిస్తూనే ఉన్నది. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ విస్తరణను మరింత వేగవంతం చేసింది. అయినా నగరాకాశం పక్షిశూన్యం కాలేదు. ఉదయాన చేపలరేవుకు వెళితే పడవలపై వలయాలు తిరిగే గద్దలు, చేపల వ్యర్థాలకై కాచుకొన్న కొంగలు, కాకులు కనిపిస్తాయి. పక్షులున్నాయా లేవా అన్నది కాదు, ఏ పక్షులు మిగిలాయన్నదే ఆలోచించవలసిన విషయం.

పావురం పూర్వం కొండచరియల అరల్లో గూడు పెట్టుకొనేది. బహుళ అంతస్తుల భవనం దానికి మరొక కొండచరియ. ఐరోపాలోని లైడెన్ నగరంలో ఒక చిన్న పిట్ట, రొద ఎక్కువగా ఉన్నచోట స్వరాన్ని హెచ్చించి పాడుతున్నదని 2003లో పరిశోధకులు వెల్లడించారు. వాహనాల ఘోష మంద్రస్థాయిలో ఉంటుంది కనుక, పైస్థాయిలో పాడితేనే ఆ పిట్ట పాట తోటి పిట్టలకు వినబడుతుంది.

కాకి కథ రేవుపట్టణాల వారికి ప్రత్యేకంగా తెలియదగినది. మన ఊరకాకి ఓడలెక్కి సముద్రాలు దాటింది. 1890 దశకంలో జాంజిబారు దీవికి, చెత్తను తిని శుభ్రం చేస్తుందన్న ఆశతో మనుషులే దానిని తీసుకుపోయారు. అది తూర్పు ఆఫ్రికా తీరమంతా వ్యాపించి, అక్కడి పక్షుల గుడ్లను, పిల్లలను తినసాగింది. చివరకు 2024లో కెన్యా ప్రభుత్వం పది లక్షల కాకులను నిర్మూలించడానికి పూనుకోవలసి వచ్చింది.

ఏదైనా తిని, ఎక్కడైనా గూడు కట్టగల పక్షికే నగరం ఆశ్రయమిస్తుంది. కనుక కాకుల గుంపును, పావురాల గుంపును చూసి నగరంలో ప్రకృతి క్షేమంగా ఉన్నదనుకోవడం భ్రమ. పావురాలకు గింజలు చల్లడం పుణ్యకార్యమే కావచ్చు గాని, పక్షిసంరక్షణ మాత్రం కాదు. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటించిన రామచిలుక సాధారణంగా చెట్టుతొర్రలో గుడ్లు పెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో అసంఖ్యాకమైన వృక్షాలను కూల్చివేసింది. తరువాత నాటిన మొక్కలు నీడనిస్తాయి. తొర్ర ఏర్పడటానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది. అందుచేత మిగిలిన ముసలి చెట్లలో, దారిన పోయేవారికి ప్రమాదం లేనివాటినైనా గొడ్డలికి బలి చేయరాదు.

జలాశయాల విషయం ఇంకా గంభీరమైనది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణిస్తూ, కాలువగట్టున తల రెక్కల్లో దాచుకొని నిద్రించే బాతులను చూసి కావలివారు, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు మరచిపోయిన పిండిన బట్టలని భ్రమపడినట్లు చిత్రించాడు. ఎంతటి చనువు! ఊరికీ పక్షికీ నడుమ అక్కడ గోడ లేదు. చుట్టూ సిమెంటు గట్టు కట్టి, రాత్రంతా దీపాలు వెలిగించిన చెరువులో బాతు ఎక్కడ నిద్రించాలి? ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల ఒడ్డులను సుందరీకరణ పేరిట పూర్తిగా రాతితో కప్పరాదు. కొంతమేర బురదను, తుంగను ఉన్నవి ఉన్నట్లే విడిచిపెట్టాలి. నడకదారి మరొక ఒడ్డున వేసుకోవచ్చు.