సొంత పెట్టుబడి – ఎవరి సొంతం?

భర్తతో విదేశం వెళ్ళిన స్త్రీ ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో నాలుగు చీరలు అమ్మితే చాలు, 'ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా సొంత పెట్టుబడితో వ్యాపారం పెట్టింది' అని సభల్లో మెచ్చుకోవడం ఈమధ్య ఆనవాయితీ అయింది. అమెరికాలో తెలుగు సంఘాల వేదికల మీదా ఇదే మాట, ఇక్కడ స్వచ్ఛంద సంస్థలు నడిపే శిక్షణ తరగతుల్లోనూ ఇదే మాట. నాకూ ఒకసారి శాలువా కప్పారు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని గాని, దాన్ని పెట్టే హక్కు నాకు ఎన్నాళ్ళకు దొరికిందని గాని ఒక్కరూ అడగలేదు.

నేను టెక్సస్‌లో ఉంటాను. మంగళగిరి నూలు చీరలు తెప్పించి అమ్ముతాను. 2012లో వచ్చినప్పుడు నాది హెచ్-4 వీసా. అంటే హెచ్-1బి ఉద్యోగి మీద 'ఆధారపడిన' మనిషికిచ్చే వీసా. ఎం.కాం. చదివి గుంటూరులో ఐదేళ్ళు లెక్కలు రాసి బతికినదాన్ని, ఒక్క విమాన ప్రయాణంతో ఆధారపడినదాన్నయ్యాను. ఈ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. సొంత వ్యాపారంలోనూ పని చెయ్యకూడదు. కంపెనీలో వాటా మాత్రం ఉంచుకోవచ్చట! డబ్బు పెట్టవచ్చు గాని పార్సిలు కట్టకూడదు, కొన్నవాళ్ళకు జవాబు రాయకూడదు. జీతం తీసుకోవడం లేదన్నా ఒప్పుకోరు. మూడు పూటలా వండి వార్చడానికి, పిల్లల్ని పెంచడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. ఆ పనికి జీతం లేకపోవడం ఏ చట్టానికీ అభ్యంతరం కాదు.

2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పని అనుమతి కార్డు ఇస్తున్నారు. ఎవరికి? ఎవరి భర్త గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు దాటాడో వాళ్ళకు. ఆయన కంపెనీ కాగితాలు పెట్టకపోతే ఆమెకు కార్డు రాదు. ఆయన ఉద్యోగం పోతే ఆమె కార్డూ ప్రమాదంలో పడుతుంది. విడాకులైతే వీసాయే పోతుంది. ఈ మాత్రం అనుమతిని కూడా ఏళ్ళ తరబడి కోర్టుల్లో సవాలు చేశారు. 2025 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. అదే నెల 30 నుంచి, కొత్త కార్డు చేతికి వచ్చేదాకా పాతదాన్ని దానంతటదే పొడిగించే పద్ధతిని ప్రభుత్వం తీసేసింది. ఒక చేత్తో ఉంచి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే.

కార్డు ఆలస్యమైతే ఏమవుతుందో నాకు తెలుసు. 2021లో నా కార్డు గడువు తీరి, కొత్తది రావడానికి ఐదు నెలలు పట్టింది. ఐదు నెలలూ దుకాణం మూత. చీరలు అల్మారాలో, డబ్బు ఆ చీరల్లో. కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్-1 ఉద్యోగుల భార్యలకు అదే ఏడాది నవంబరులో వీసాతోపాటే పని హక్కు గుర్తించారు. ఇవ్వదలిస్తే ఇవ్వగలరన్నమాట.

హెచ్-4 భార్యకు ఇంకో దారి కూడా ఉంది: భర్త హింసిస్తున్నాడని రుజువు చెయ్యడం. 2006 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం హింసకు గురైన భార్య పని అనుమతి కోరవచ్చు. ఆ దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది 2017లో! పదకొండేళ్ళు దెబ్బలు తిన్నవాళ్ళు ఏ కాగితం మీద రాసుకోవాలి?

ఇక పెట్టుబడి సంగతి. పని అనుమతి లేని భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. అది లేకపోతే అప్పుల చరిత్ర ఏర్పడటం కష్టం, అది లేనివాళ్ళకు బ్యాంకు అప్పు పుట్టడం ఇంకా కష్టం. భార్యాభర్తల బంధాన్ని బట్టి అప్పు నిరాకరించకూడదని అమెరికా 1974లో చట్టం చేసింది. వ్యాపారం అప్పుకు మగవాడి పూచీ అడిగే రాష్ట్ర చట్టాలకు 1988లో గాని చెల్లుచీటీ పడలేదు. మా దగ్గర మగవాడి పూచీ బ్యాంకువాళ్ళు అడగరు, వీసా ఆఫీసువాళ్ళు అడుగుతారు. 'సొంత పెట్టుబడి' అనే గొప్ప మాట వెనక ఉన్నది ఇదీ. అప్పు పుట్టదు కనుక ఒంటి మీద బంగారం తీశాం. నావి 12 కాసులు, తెనాలిలో అమ్మాను.

స్త్రీధనం స్త్రీదేనని మన సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని 2024లో మళ్ళీ చెప్పింది. టెక్సస్ చట్టంలో పెళ్ళికి ముందు ఉన్నదీ, కానుకగా వచ్చినదీ ఎవరిది వాళ్ళదే. కాని అది తనదని గట్టి సాక్ష్యంతో రుజువు చెయ్యాలి. లేకపోతే ఉమ్మడి ఆస్తిలో కలిసిపోతుంది. కట్టుకుపోయిన గాజులకు రసీదులు ఎవరి దగ్గరున్నాయి? నాకు తెలిసిన ఒకామెకు పని కార్డు లేదు. వ్యాపారం బావగారి పేరున పెట్టారు, ఆయనకు పౌరసత్వం ఉంది కనుక. బంగారం ఆమెది. కాపురం చెడ్డాక వ్యాపారం బావగారికి మిగిలింది. ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు.

'డాలర్ల భార్యలకేం కష్టం, ఇక్కడ కూలి స్త్రీల సంగతి చూడండి' అని మన కార్యకర్తలే అనడం విన్నాను. మా ఇంటి అద్దె మా ఆయన జీతంలోంచే వెళుతుంది. నేను ఆకలితో పడుకోను. అది దాచి మాట్లాడటం లేదు. కాని పొదుపు సంఘంలోని స్త్రీ పేరు తీర్మానాల పుస్తకంలో ఉంటుంది, పాసుపుస్తకం ఆమె పేరున ఉంటుంది, అప్పుకు సంఘం నిలబడుతుంది. ఆ పేరు కోసం మీరు ఊరూరా తిరిగి కొట్లాడారు. విమానం ఎక్కిన స్త్రీకి ఆ కొట్లాట అక్కర్లేదని ఎప్పుడు తీర్మానించారు? పైగా ఈ నష్టం నాతో ఆగదు. ఆ ఐదు నెలలూ మంగళగిరికి నా నుంచి ఆర్డరు వెళ్ళలేదు. మగ్గం మీద కూర్చున్న ఆయనకూ, ఇంట్లో కండెలు చుట్టే ఆవిడకూ నా నుంచి రావలసిన డబ్బు రాలేదు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29న అమెరికా తీసేసినప్పుడూ అంతే. మన తపాలా శాఖ నాలుగు రోజుల ముందే పార్సిళ్ళు ఆపింది, అక్టోబరు నడిమి దాకా తీసుకోలేదు. పెద్ద వ్యాపారికి ఇలాంటప్పుడు బ్యాంకు ఉంటుంది. నాకు మిగిలినవి రెండు గాజులు.

అందుకని అడుగుతున్నాను. పెళ్ళి చేసుకుని విదేశం వెళ్ళబోయే అమ్మాయిలకు సలహాలిచ్చే సంస్థలు, వీసా ఏ తరగతిదో, దాని మీద పని హక్కు ఉందో లేదో పెళ్ళికి ముందే అడిగి తెలుసుకోమని చెప్పాలి. వ్యాపారం నేర్పే తరగతుల్లో ముగ్గు డిజైన్ల ముచ్చట తర్వాత, ముందు ఖాతా ఎవరి పేరున తెరుస్తున్నారో అడగండి. బంగారం అమ్మితే రసీదు తన పేరున తీసుకోమనండి. ఆ డబ్బు వ్యాపారంలో పెడితే 'ఇది నా వాటా' అని రాయించి భర్త సంతకం తీసుకోమనండి. ఆయన మంచివాడైతే సంతకం పెట్టడానికి వెనకాడడు. హెచ్-1బి భార్యలందరికీ వీసాతోపాటే పని హక్కు ఇమ్మని మన మహిళా సంఘాలు తీర్మానం చేసి రెండు ప్రభుత్వాలకూ పంపాలి. ముసాయిదా నేను రాసి పంపుతాను, సంతకాలు మీరు సేకరించండి.