రెండు రూపాయల దర్జా

తణుకు నుంచి ఒక పాఠక మిత్రుడు ఉత్తరం రాశాడు. "సార్! సినిమాల్లో హీరో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని విమానం దిగడం చూస్తాం. ఎక్కే ముందు ఎక్కడ కూర్చుంటాడు? రెండుసార్లు ఎయిర్‌పోర్టుకెళ్ళినా మాకు ఒక్క స్టారూ కనిపించడేం?" అని.

ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. లాంజిలో! కానీ చూడకుండా రాయడం మన అలవాటు కాదుగా. అంచేత స్వయంగా వెళ్ళొచ్చాను. వెళ్ళకపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. అదెందుకో చెబుతాను, వినండి.

ముందు కాస్త చరిత్ర. విమానం ఎక్కబోయే పెద్దమనుషులకి విడిగా ఒక గది ఉండాలనే ఆలోచన 1939లో న్యూయార్కు లగార్డియా విమానాశ్రయంలో రూపు కట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు అక్కడ 'అడ్మిరల్స్ క్లబ్' తెరిచారు. మొదట్లో డబ్బుంటే చాలదు, కంపెనీవారు పిలవాలి. తర్వాత తర్వాత చందా కట్టిన వాళ్ళనీ రానిచ్చారు. 1970ల చివర్లో బిజినెస్ క్లాసు వచ్చింది, ఆ టికెట్టు కొన్నవాళ్ళూ వచ్చారు. ఇప్పుడు? బ్యాంకు కార్డున్న మీరూ నేనూ కూడా! తలుపు దగ్గర కార్డు గీకితే చాలా కార్డుల మీద రెండు రూపాయలే పట్టుకుంటారు. అసలు ఖర్చు బ్యాంకు భరిస్తుంది. తలకింత అని లాంజి వాళ్ళకి చెల్లు. ఎన్ని తలలొస్తే అంత లాభం. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

2009లో వచ్చిన 'అప్ ఇన్ ది ఎయిర్' చూసిన వాళ్ళకి తెలుసు. అందులో జార్జ్ క్లూనీ ఏడాదిలో చాలా భాగం ప్రయాణాల్లోనే గడుపుతాడు. క్యూలో జనం నిలబడి ఉంటే, తను కార్డు చూపించి పక్కదారిన దర్జాగా వెళ్ళిపోతాడు. ఆ దర్జా మీద నాకూ కన్నుంది. కార్డు ఉండనే ఉంది.

ఉత్తరాదిన ఉన్న మా చెల్లెలి ఇంటి నుంచి అమ్మా నేనూ తిరిగొస్తున్నాం. విమానాశ్రయం పేరెందుకు లెండి. అమ్మకి డెబ్భై దాటాయి. హిందీ రాదు. విమానం ఎక్కడం అది రెండోసారి. "పులిహోర కట్టుకోనా?" అంటే, "ఎందుకమ్మా, నిన్ను లాంజికి తీసుకెళ్తాగా! అక్కడ అన్నీ ఉంటాయి" అని కోతలు కోశాను. అమ్మ నవ్వి ఊరుకుంది గానీ పులిహోర కట్టనే కట్టింది.

సెక్యూరిటీ తనిఖీ అయ్యాక లాంజి ముందుకెళ్తే ఏముంది? క్యూ! మొదటి రోజు మొదటి ఆట బుకింగు దగ్గర ఉన్నంత క్యూ. క్లూనీ దాటిపోయిన ఆ క్యూలోనే నిలబడ్డాం, పాతిక నిమిషాలు. తీరా మా వంతొచ్చేసరికి కౌంటర్లో అమ్మాయి కార్డు గీకి, "సార్, ఈ కార్డు మీద ఒక్కరికే" అంది. అమ్మకి కావాలంటే వెయ్యి దాటిన మొత్తం విడిగా కట్టాలిట.

"ఇడ్లీకి వెయ్యి రూపాయలా? నాకొద్దు నాయనా" అంది అమ్మ. కడతానన్నాను. ఒప్పుకోలేదు. "నువ్వెళ్ళి చూసిరా, మళ్ళీ రాసుకోవాలిగా. నేను మూడో గేటు దగ్గర కూర్చుంటా" అంది.

నేనేం చేశానంటారు? వెళ్ళాను. పది నిమిషాల్లో వచ్చేస్తాగా అనుకున్నాను.

లోపలి దృశ్యం వర్ణిస్తాను. 'కాసాబ్లాంకా' (1942) చివర్లో పొగమంచులో విమానం కనిపిస్తుంది కదా, అది నిజం విమానం కాదు. స్టూడియోలో నిలబెట్టిన చిన్న సైజు బొమ్మ. అది పెద్దదిగా కనిపించడానికి దాని పక్కన పొట్టివాళ్ళని మెకానిక్కులుగా నిలబెట్టి, పొగ వదిలారు. తెర మీద చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఈ లాంజి కూడా అలాంటి సెట్టింగే. బయట నుంచి పసుపు దీపాలూ, తోలు సోఫాలూ, అద్దాల గోడా. దగ్గరికెళ్తే సోఫా చేతులు చిరిగి ఉన్నాయి. ప్రతి కుర్చీలోనూ ఒక మనిషో, ఒక సంచీయో. ఉప్మా గట్టిపడి గరిటెకి అంటుకుపోయింది. వడ చల్లారిపోయింది. కాఫీ మిషను మీద 'పనిచేయదు' అని కాయితం. ప్లేట్లు తీసే కుర్రాడు ఒక్కడే, చెమటలు కక్కుతూ పరుగులు పెడుతున్నాడు. తలకింత అన్న లెక్క గుర్తుందా? అదే ఇది. వచ్చినవాళ్ళని వద్దనే అవసరం వాళ్ళకేముంది? నేలటికెట్ల జనాన్నంతా బాల్కనీలోకి తోలితే అది బాల్కనీ అవుతుందా?

అయినా లేచి వచ్చేశానా? లేదు. క్యూలో పాతిక నిమిషాలు నిలబడ్డ కసి ఒకటుందిగా! ఫోను ఛార్జింగు గోడకి పెట్టి, ఆ మూల స్టూలు దొరికితే ఈ మూల కూర్చుని, రెండో ప్లేటు తెచ్చుకున్నాను. పది నిమిషాలన్నది నలభై అయింది.

ఇప్పుడు చాలా పెద్ద విమానాశ్రయాల్లో మైకులో మాటిమాటికీ పిలవడం మానేశారు. తెరల మీద మనమే చూసుకోవాలి, లేదా ఫోనుకి కబురొస్తుంది. నా ఫోను గోడకి వేలాడుతోందిగా! తీసి చూస్తే గేటు మారిందని ఒక కబురు, అమ్మ దగ్గర్నుంచి నాలుగు కాల్స్. గుండె జారిపోయింది. విమానం బయలుదేరే వేళకి 25 నిమిషాల ముందే చాలా కంపెనీలు గేటు మూసేస్తాయి. మూడో గేటుకి పరుగెత్తాను. అమ్మ లేదు. ఫోను చేస్తే ఎత్తదు. ఆ నడవా అంతా ఎలా పరుగెత్తానో నాకు తెలీదు.

పదకొండో గేటు దగ్గర, రెండు సంచులూ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎలా వచ్చావమ్మా?" అన్నాను రొప్పుతూ.

"చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచిపోయారు. నీకు చేశాను, ఎత్తలేదు. చక్రాల కుర్చీ తోసే అబ్బాయికి చీటీ చూపించా. 'గ్యారా, గ్యారా' అన్నాడు. ఆ మాధురీ దీక్షిత్ పాట లేదూ, అంకెలు లెక్కపెడుతుందీ, అది పాడుకుంటూ వేళ్ళు మడుచుకున్నా. పదకొండో వేలికొచ్చింది."

'తేజాబ్' (1988) పాట! పల్లవిలో పదమూడు దాకా లెక్కుంటుంది. గేటు పదమూడు దాటి ఉంటే ఏమయ్యేదో!

నేను నవ్వాను. కానీ లోపల నవ్వు రాలేదు. మా ఊళ్ళో చిన్నప్పుడు ఒకసారి కుర్చీ టికెట్టు ఒక్కటే మిగిలింది. బుకింగాయన, "పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోండమ్మా, మీరెళ్ళండి" అన్నాడు. "రెండున్నర గంటలు వాడికి తెర కనిపించదు" అని అమ్మ ఆ టికెట్టు వద్దని, నాతోపాటు నేలలో కూర్చుంది. ఒక్కటే టికెట్టుంటే ఏం చెయ్యాలో నాకు ఎప్పుడో నేర్పింది. నేనే మర్చిపోయాను.

"లోపల ఏం పెట్టార్రా?" అంది, పొట్లం విప్పుతూ.

"ఏం లేదమ్మా, అంతా సెట్టింగే" అన్నాను. సగం పులిహోర నా కోసం విడిగా ఉంచింది. కడుపు నిండి ఉన్నా తిన్నాను. ఎదురుగా పెద్ద అద్దం. అందులోంచి విమానాలు ఒక్కొక్కటే లేవడం ఆమె కన్నార్పకుండా చూస్తోంది. లాంజికి అసలు కిటికీయే లేదు.

అదండీ సంగతి! తణుకు మిత్రమా, స్టార్లు నాకూ ఒక్కరూ కనిపించలేదు. మీరు వెళ్తే మాత్రం మూడు మాటలు గుర్తుంచుకోండి. కార్డు ఎందరికి చెల్లుతుందో, ఏ ఖర్చు షరతులున్నాయో ఇంట్లోనే చూసుకోండి. ఈ మధ్య మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే అని కొన్ని బ్యాంకులు మెలిక పెడుతున్నాయి. ఫోను జేబులోంచి తీయకండి. ఇద్దరు వెళ్ళినప్పుడు ఒక్కరికే అన్నారా, థాంక్సు చెప్పి వెనక్కి తిరగండి.

మరో ఉత్తరంతో వచ్చే వారం కలుద్దాం.