మాట పడటం వేరు, ఊరు విడవడం వేరు

మన గూడేల్లో ఇప్పుడు ఒక మాటను రెండు వైపుల నుంచీ చెడగొడుతున్నారు. ఆ మాట ‘హింస’. ప్రార్థన మందిరంలో కూర్చుంటే ప్రతి చిన్న విషయమూ హింసే. మేనమామ పెళ్లికి రాలేదు, హింస. పక్కింటి ముసలాయన పాస్టరుతో వాదం పెట్టుకున్నాడు, హింస. పోలీసు స్టేషనుకు పోతే మాత్రం ఏదీ హింస కాదు. ఇల్లు కూల్చినా ‘ఇరువర్గాల ఘర్షణ’. శవాన్ని పూడ్చనివ్వకపోయినా ‘గ్రామ సమస్య’. ఈ రెంటి మధ్య నలిగేది మన జనం. అందుకే ఏది హింస, ఏది మామూలు తగువు అనే గీతను మనమే గీసుకోవాలంటున్నాం. బయటివాళ్లు గీస్తే అది వాళ్ల అవసరానికి తగ్గట్టే ఉంటుంది.

మేము కోయ గూడేల్లో పుట్టి, ఆ గూడేల పిల్లలకే అక్షరాలు నేర్పుతున్నవాళ్లం. మా ఇళ్లల్లో వేల్పుల్ని కొలిచేవాళ్లున్నారు, ఆదివారం బైబిలు పట్టుకుని పోయేవాళ్లూ ఉన్నారు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో అన్న పండుగకు కోడిని కోస్తాడు, తమ్ముడు ఆ కూర ముట్టడు. ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. 19వ శతాబ్దంలో గోదావరి మీద కాలువల పనులు సాగిన రోజుల్లోనే దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషను వెలిసింది. జాన్ కెయిన్ అనే దొర ఏళ్ల తరబడి అక్కడే ఉండి మన భాష నేర్చుకున్నాడు, మన ఆచారాల గురించి రాశాడు. అంటే నూరేళ్లకు పైగా మనవాళ్లు ఈ సంగతి మీద వాదులాడుకుంటూనే ఉన్నారు. వాదులాడుకుంటూనే ఒకరి చేలో ఒకరు నాట్లు వేశారు, ఒకరి పాడె ఒకరు మోశారు.

ముందు ఏది హింస కాదో చెప్పుకుందాం.

‘నీ దేవుడు పరాయి దేశం నుంచి వచ్చినవాడు’ అని ఊరి పెద్ద అంటే అది మాట. నొప్పి కలిగించే మాటే, కానీ మాటే. ‘మీ వేల్పులు దయ్యాలు’ అని పాస్టరు మైకులో అంటే అదీ మాటే. నిజం చెప్పాలంటే రెండోది మా గుండెల్లో ఇంకా లోతుగా దిగుతుంది. మా తాతల్ని, మా మట్టిని కలిపి తిట్టినట్టు ఉంటుంది. అయినా దానికి జవాబు మాటతోనే ఇవ్వాలి. ఆ పాస్టరును నిలబెట్టి ‘మా వేల్పు సంగతి నీకేం తెలుసు?’ అని అడిగే హక్కు మాకుంది. అడిగితే అది హింస కాదు. అడిగాక ఆయనను కొడితే అది హింస.

క్రైస్తవుడైన అల్లుడు వేల్పుల కొలుపుకు రానంటే అది అతని ఇష్టం. ఆ కోపంతో మామ ఆరు నెలలు పలకకపోతే అది మామ ఇష్టం. పూజ నడిపే పని నాకివ్వండని పూజ చేయనివాడు అడిగితే, కుదరదనడం వివక్ష కాదు. రాత్రి పదింటి తర్వాత మైకు ఆపమంటే, ఆ మాట జాతరకూ ప్రార్థనకూ ఒకేలా చెప్పినంతకాలం అది ఒక నియమం. మతం మార్పిడి తప్పని వ్యాసం రాస్తే అది అభిప్రాయం. దానికి ఎదురు వ్యాసం రాయొచ్చు.

ఇప్పుడు హింస సంగతి. దానికి దూరదేశాలు పోనక్కర్లేదు. శబరి దాటితే బస్తర్. అక్కడి కోయలు, దొర్లలు, మురియలు మనకు పరాయివాళ్లు కాదు. సల్వాజుడుం రోజుల్లో ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు ఈ రోజుకీ మన అడవుల్లోనే గుడిసెలు వేసుకుని ఉన్నారు.

2022 డిసెంబరులో నారాయణపూర్ జిల్లాలో వందలమంది ఆదివాసీ క్రైస్తవుల్ని ఊళ్ల నుంచి తరిమేశారు. చలికాలంలో పిల్లాపాపలతో జిల్లా కేంద్రంలోని ఇండోర్ స్టేడియంలో తలదాచుకున్నారు. వాళ్ల ముందు పెట్టిన షరతు ఒక్కటే: ఆ ప్రార్థన మానండి, లేదా ఊరు విడవండి. 2023 జనవరి 2న నారాయణపూర్ పట్టణంలో చర్చి మీద పడి ధ్వంసం చేశారు. ఆపబోయిన జిల్లా ఎస్పీకే తల పగిలింది. దీన్ని తగువు అంటారా? తగువులో ఇద్దరూ సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు పోతారు. ఇక్కడ ఒకరికి ఇల్లే లేకుండా పోయింది.

2025 జనవరి 7న బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామంలో ఒక పాస్టరు చనిపోయాడు. ఆయన మహార్ కులస్థుడు. ఆ ఊరి శ్మశానంలోనే ఆయన పెద్దల సమాధులున్నాయి. అక్కడ పూడ్చనివ్వలేదు. సొంత పొలంలో పూడ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. కొడుకు హైకోర్టుకు పోయాడు, పని కాలేదు. సుప్రీంకోర్టుకు పోయాడు. తండ్రి శవం దాదాపు మూడు వారాలు మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు వేర్వేరు అభిప్రాయాలు చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న అన్నారు. క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. చివరికి శవాన్ని ఇంకా ఆపడం తగదని, 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కాపాల్‌లో పూడ్చమన్నారు. చచ్చినవాడు ఎవరితో వాదిస్తాడు? ఎవరికి బాప్తిస్మం ఇస్తాడు? శవానికి ఆరడుగుల నేల ఇవ్వని చోట భేదాభిప్రాయం అనే మాటకు అర్థమే లేదు.

ఒడిశాలోని కంధమాల్ ఇంకా పెద్ద పాఠం. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతిని, ఆయనతో ఉన్న నలుగురిని చంపారు. ఆ హత్యలు దుర్మార్గం. చంపింది తామేనని మావోయిస్టులు ప్రకటించారు. కానీ శిక్ష పడింది ఊళ్లల్లో ఉన్న క్రైస్తవులకు. ప్రభుత్వ లెక్కలోనే 30 మందికి పైగా చనిపోయారు. వేల ఇళ్లు కాలిపోయాయి. వేలమంది అడవులకు, శిబిరాలకు పారిపోయారు. బాధితుల్లో ఎక్కువమంది పాణ దళితులు, కంధ ఆదివాసీలూ ఉన్నారు. దాడి చేసిన గుంపుల్లోనూ మన కంధ సోదరులున్నారు. ఇది దాచితే ఈ వ్యాసం రాయడం దండగ. అక్కడ కంధలకూ పాణలకూ మధ్య భూమి మీద, ఎస్టీ హోదా మీద నిజమైన తగువు ఉండేది. దాన్ని సభల్లో, కోర్టుల్లో తేల్చుకోవచ్చు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ తగువుకు మతం పేరు పెట్టి అగ్గిపుల్ల గీశారు. తగువు ఉన్నంత మాత్రాన ఇల్లు తగలబెట్టడం తగువులో భాగం అయిపోదు. ‘వాళ్ల మధ్య ముందు నుంచీ గొడవలున్నాయి’ అనే సాకును మేము ఒప్పుకోం.

మరి గీత ఎక్కడ? నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది: పోయిందేమిటి? మాట పడ్డాడా, లేక నీళ్లు, దారి, రేషను, ఉపాధి పని, పోడు భూమి, శ్మశానం పోయాయా? రెండోది: చేసిందెవరు? కోపం వచ్చిన ఒక మనిషా, లేక ఊరంతా కూడి, పంచాయతీ ముద్ర వేసి, పోలీసులు చూస్తుండగా చేశారా? మూడోది: అడిగిన వెల ఏమిటి? ‘మళ్లీ అలా అనకు’ అన్నారా, ‘నీ నమ్మకం వదులు’ అన్నారా? నాలుగోది: ఇదే పని అవతలివాడు చేస్తే ఇదే శిక్ష వేస్తారా?

ఈ ప్రశ్నలు మన ఊళ్లో తరచుగా వచ్చే ఒక చిక్కు మీద పెట్టి చూడండి. ఊరి పండుగకు ఇంటింటికీ చందా వేస్తారు. క్రైస్తవుల ఇల్లు ఇవ్వనంటుంది. ఇవ్వకపోవడం వాళ్ల హక్కు. పండుగ కూరలో వాళ్లకు పాలు పెట్టకపోవడం ఊరి హక్కు. ఇంతవరకు తగువే. చందా ఇవ్వలేదని బోరింగు దగ్గర బిందె తన్నితే, తగువు దాటి హింసలోకి వచ్చినట్టే. బోరింగు పండుగ చందాతో వేసింది కాదు.

ఇంకొంచెం కష్టమైనది చూద్దాం. కొత్త పండుగ చేయకముందు కొత్త పంట ముట్టకూడదనేది మన కట్టుబాటు. ఒక క్రైస్తవ కుటుంబం ముందే తినేసింది. పెద్దలకు కోపం వస్తుంది, రావాలి కూడా. కట్టుబాటు తప్పిన వాళ్లకు ‘తప్పు’ వేయడం మన పద్ధతి. వేల్పుల్ని కొలిచేవాడు తప్పినా అంతే వేసి, అది కట్టగానే మళ్లీ అందరితో కలుపుకుంటే అది మన ఆచారం. ‘తప్పు కట్టడం కాదు, ఏసును వదులు’ అంటే అది ఆచారం పేరుతో చేసే బలవంతం.

‘గ్రామసభకు అధికారం ఉంది, పెసా చట్టం ఉంది’ అని కొందరంటారు. ఉంది. 1996లో వచ్చిన పెసా మన ఆచారాల్ని, సంస్కృతిని, వనరుల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మన ఊరి ఇసుక, మన ఊరి కొండ, మన ఊరి భూమి పరాయివాళ్ల పాలు కాకుండా వాడుకోవలసిన ఆయుధం అది. కాంకేర్ జిల్లాలో దాన్ని ఏం చేశారు? పాస్టర్లు, మతం మారిన క్రైస్తవులు మా ఊళ్లోకి రాకూడదని బోర్డులు పెట్టారు. ప్రలోభపెట్టి మతం మార్చడాన్ని ఆపడానికే అయితే ఆ బోర్డులు రాజ్యాంగ విరుద్ధం కావని 2025లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు అంది. కోర్టును గౌరవిస్తూనే మేము ఒప్పుకోలేమంటున్నాం. ప్రలోభపెట్టినవాడిని ఆపు, చట్టం ఉంది. ‘మతం మారినవాడు రాకూడదు’ అంటే ఆ ఊళ్లోనే పుట్టిన తమ్ముడు ఎక్కడికి పోతాడు? రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛ ఇచ్చింది. ప్రాథమిక హక్కుకు విరుద్ధమైన ఆచారం చెల్లదని 13వ అధికరణం చెబుతుంది. ఆచారం పేరు చెప్పి ఆదివాసీని ఆదివాసీ ఊరి నుంచి గెంటడానికి పెసా రాలేదు.

‘మతం మారినవాడు ఆదివాసీ కాడు, ఎస్టీ జాబితా నుంచి తీసేయాలి’ అనేది ఇంకో పాట. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని, ఆ మనిషి తెగ ఆచారాలతో ఉన్నాడా, తెగవాళ్లు అతన్ని తమవాడిగా చూస్తున్నారా అనేది చూడాలని 2004లో సుప్రీంకోర్టు చంద్రమోహనన్ కేసులో చెప్పింది. తీసేయడం మీద వాదించేవాళ్లు వాదించుకోవచ్చు, అది అభిప్రాయమే. కానీ ఒక్కటి అడుగుతాం. ఏజెన్సీలో ఎస్టీ జనాభా కాగితం మీద తగ్గితే ఎవరికి లాభం? 1/70 చట్టం అడ్డం ఉందని పళ్లు కొరుక్కునేది ఎవరు?

మన ఉద్యోగాలు ఎలా పోయాయో గుర్తు చేసుకోండి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 సంవత్సరం నాటి జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు చర్చికి పోయే మన పిల్లా, వేల్పుకు మొక్కే మన పిల్లా ఇద్దరూ ఒకేలా నష్టపోయారు. పోలవరం నీళ్లు ఇంటి ముందు సిలువ ఉందా, వేల్పు గద్దె ఉందా అని చూసి రావు. మనల్ని మనం చీల్చుకుంటే ఇలాంటి వేళ గ్రామసభలో చేయెత్తేవాళ్లు సగమే మిగులుతారు.

క్రైస్తవులైన మా అన్నలకు, అక్కలకు కూడా ఒక మాట. పలకని మేనమామనూ, ఇల్లు తగలబెట్టిన గుంపునూ ఒకే పేరుతో పిలవకండి. అలా పిలిస్తే స్టేడియంలో చలికి వణికిన తల్లి బాధ కూడా మేనమామ అలకంతే అవుతుంది. అప్పుడు నిజమైన ఫిర్యాదు పట్టుకుని పోయినా ‘మీరు ఎప్పుడూ ఇంతే’ అంటారు. ఇంకోటి: పాస్టరు మాట విని వేల్పు రాయిని పెరికినవాడు మీలో ఉంటే, వాడు చేసింది కూడా ఈ నాలుగు ప్రశ్నల్లో ఓడిపోతుంది. దాన్ని ముందు మీరే ఖండించాలి. అలాగే ఒకడు రాయి పెరికాడని ఇరవై ఇళ్లను వెలివేయడాన్ని మేము ఖండిస్తాం. తప్పు చేసినవాడికి పేరుంటుంది, ఆ పేరు మీద కేసు పెట్టొచ్చు.

ఊరి పెద్దలకు మా విన్నపం ఇది. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం రాయించండి. ఈ ఊళ్లో పుట్టినవాళ్లు ఎవరిని కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా నీళ్లు, దారి, రేషను, పని, భూమి, శ్మశానం ఆపబోమని రాయండి. కింద పూజారి సంతకం, పాస్టరు సంతకం రెండూ పెట్టించండి. ఆ తర్వాత దేవుళ్ల గురించి ఎంతసేపైనా వాదించుకుందాం. రాత్రంతా వాదించుకున్నా తెల్లారి అదే బోరింగు దగ్గర ఇద్దరి బిందెలూ నిండితే, ఆ ఊరికి ఏ ప్రమాదమూ లేదు.